ఈ ఇంట్ల మాటల్లేనోళ్లు ఎవరు?

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా అమ్మ స్నానాల గదిలో జారిపడింది. పడటం చిన్నదే, కానీ లేపి కూర్చోబెడితే కళ్లు తేలేసి మళ్లీ ఒరిగిపోయింది. పక్క వీధిలో ఉండే నేను పరుగెత్తుకొచ్చేసరికి తమ్ముడు ఫోన్ చేయడం, అంబులెన్స్ రావడం కూడా అయిపోయాయి. అందులోంచి పాతికేళ్ల అమ్మాయి ఒకతి భుజాన సంచీతో దిగింది. అమ్మ నాడి చూసింది, బీపీ చూసింది, నుదుటి మీది బొప్పి తడిమింది. తర్వాత హాల్లో నిలబడ్డ మా అందరి వైపూ తిరిగి ఒక ప్రశ్న వేసింది.

"అవ్వతోని మాటల్లేనోళ్లు ఎవరున్నరు ఈ ఇంట్ల?"

తమ్ముడు గతుక్కుమన్నాడు. ఇరుగుపొరుగు వాళ్లంతా గుమ్మంలోనే ఉన్నారు మరి. "గట్లాంటిదేం లేదమ్మా, మేమందరం మంచిగనే ఉంటం" అన్నాడు. వాడి వెనక నుంచి మా మరదలు మెల్లగా చెయ్యెత్తింది. పచ్చడి జాడీ దగ్గర తగువు మొదలై తొమ్మిది రోజులైందట. ఆ తొమ్మిది రోజుల్లో నాలుగు రోజులు అమ్మ బీపీ మాత్ర వేసుకోలేదనీ, వేసుకున్నట్టు నటించి దిండు గలేబులో దాస్తోందనీ, పొద్దున కాఫీ కూడా కొబ్బరిచెట్టు మొదట్లో పారబోసిందనీ గడగడా అప్పజెప్పింది. కన్నకూతుర్ని, నాకు తెలియదు. కన్నకొడుకు, వాడికి తెలియదు. అమ్మాయి తలూపి, "అక్కా, మీరే రాండ్రి బండిల" అంది.

అమ్మకేం కాలేదు. మూడోరోజు ఇంటికొచ్చి పచ్చడి జాడీ సంగతి మళ్లీ మొదలుపెట్టింది కూడా. నేను మాత్రం ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. ఆరోజే ఆసుపత్రి వరండాలో ఆ అమ్మాయిని పట్టుకుని, అలా అడగమని ఎవరు నేర్పారన్నాను.

"మా సార్ మేడం. బుక్కుల లేదు గిది."

పేరు కూడా చెప్పింది. మూడేళ్లుగా నా నోటితో పలకని పేరు. బాగున్నాడా అని అడగడానికి నోరు తెరిచి, అడిగితే నేను తగ్గినట్టవుతుందని మళ్లీ మూసుకున్నాను. అమ్మాయే అంది: "ఎండకాలంల పోయిండ్రు కద మేడం. గుండె. మీకు తెల్వదా?"

తెలియదు. మా కాలేజీ ఎదుట నిలబడే ఆయన బండి మీద ఏప్రిల్ నుంచి వేరే మనుషులు కనబడుతుంటే, మళ్లీ ఎక్కడికో మార్చి ఉంటారులే అనుకున్నాను. ఎవరినైనా ఒక్కమాట అడిగితే తెలిసేది. అడిగితే నా పంతం ఏం కాను?

నేను రాయచూరులో ఒక డిగ్రీ కాలేజీలో సమాజశాస్త్రం చెబుతాను. నాలుగేళ్ల కిందట, ఈ వయసులో నాకు పీహెచ్‌డీ పిచ్చి పట్టింది. అంబులెన్స్ మీద పనిచేసే వాళ్ల పని, వాళ్లకీ జనానికీ ఉండే సంబంధం నా అంశం. అనుమతి కాగితం సంపాదించి మూడు నెలలు పగటి డ్యూటీలో ఒక బండి ఎక్కాను. ముందు డ్రైవర్ భాయ్, వెనక పేషెంట్లను చూసే ఈ సారూ నేనూ. యరగేర దగ్గర ఏదో పల్లెలో సేద్యం చేసుకునే ఇంటివాడు. నర్సింగు చదివి ఈ పనిలోకి వచ్చాడు. నన్ను చూసిన మొదటిరోజే పేరు పెట్టేశాడు, "ప్రశ్నల మేడం" అని.

నా దగ్గర ఎనిమిది పేజీల ప్రశ్నావళి ఉండేది. దాన్ని ఇంటికి తీసుకెళ్లి నింపుకొచ్చాడు. 'మీ ఉద్యోగంలో తృప్తి ఉందా: చాలా, కొంత, లేదు' అన్నచోట మూడూ కొట్టేసి, 'వాన పడిననాడు కొంచెం' అని రాశాడు. 'మీ వృత్తికి సమాజంలో గౌరవం ఉందా' అన్నచోట ఖాళీ వదిలాడు. ఎందుకు వదిలావంటే, "యాడ పట్టిస్తరు మేడం గది? పేషెంటు బతికితే దేవుడు బతికిచ్చిండంటరు. సస్తే నేను సంపిన్నంటరు. నడుమ నాకేం మిగిలింది?" అన్నాడు. అది నా థీసిస్‌లో నాలుగో అధ్యాయమైంది. ఇరవై రెండు పేజీలు రాశాను. ఆయన చెప్పిందానికంటే ఎక్కువేం చెప్పలేదు.

ఆయనకి మీసం ఉండేది. ఉండేది అంటే చాలదు, బండిలో నాలుగో మనిషిగా తిరిగేది. బండి ఊళ్లోకి మళ్లగానే డ్రైవర్ భుజం మీదుగా వంగి, అద్దంలో చూసుకుంటూ చిన్న దువ్వెనతో దాన్ని దువ్వేవాడు. అవతల మనిషి ప్రాణం మీదికొచ్చి ఉంటే ఇదేం సోకయ్యా అని ఒకసారి కసిరాను.

"సోకు కాదు మేడం. మొగం సూడంగనే సగం ధైర్యం రావాలె పేషెంటుకు."

"ఆ మీసం చూస్తే నాకైతే బీపీ పెరుగుతుంది."

"మీకు పెరగాలె. మీరు పేషెంటు కాదు కద" అన్నాడు. డ్రైవర్ భాయ్ స్టీరింగు మీద పడి నవ్వాడు.

ఊరు కనబడగానే సైరన్ ఆపించేవాడు. మోగిస్తే ఊరంతా వస్తుందని. ఆపినా సగం ఊరు వచ్చేది. అప్పుడు వచ్చినవాళ్లలో అందరికంటే గట్టిగా అరుస్తున్నవాణ్ని పిలిచి సెలైన్ సీసా పైకెత్తి పట్టుకోమనేవాడు. చెయ్యి పైకెత్తినవాడు అరవలేడట. ఎక్కువ ఏడుస్తున్న ఆమెను ఆధార్ కార్డు వెతకడానికి పంపేవాడు. "దొరకకున్న ఏం లేదు, ఎతుకుతనే ఉండాలె" అని నాతో గుసగుసలాడేవాడు. నేను దీనికి 'గుంపులో పాత్రల పంపకం' అని పేరు పెట్టి నోటుబుక్కులో రాసుకుంటుంటే, "రాసుకోండ్రి, రాసుకోండ్రి. జర ఆ కత్తెర కూడ అందియ్యండ్రి" అనేవాడు.

మధ్యాహ్నం డబ్బా విప్పితే మూడు జొన్నరొట్టెలు, శేంగా చట్నీ అనే వేరుశనగ పొడి. విప్పితే ఫోను మోగుతుందని ఆయనకు గట్టి నమ్మకం. పనిలేక విసుగుపుడితే డ్రైవర్ భాయ్, "సాబ్, జర డబ్బా ఖోలో" అని ఆటపట్టించేవాడు. ఈయన నిజంగానే భయపడి డబ్బా మీద చెయ్యి పెట్టుకు కూర్చునేవాడు. సైన్సు చదివిన మనిషి.

ఇక ఆ ప్రశ్న. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. ఒక ముసలాయనకి ఆయాసం. చుట్టూ కొడుకులు, కోడళ్లు. ఈయన నింపాదిగా, "తాతతోని మాటల్లేనోళ్లు ఎవరు మీ ఇంట్ల?" అన్నాడు. తిరుగు దారిలో వాయించాను. రోగం అడగాలి గానీ ఇంటి గుట్టు అడుగుతావా? నేనైతే ముందు ఇంటి యజమానిని అడుగుతాను, పద్ధతి అది అన్నాను.

"యజమానికి ఇంట్ల ఉప్పుడబ్బ యాడుందో తెల్వదు మేడం. ప్రేమ ఉన్నోళ్లకు కూడ తెల్వదు. బువ్వ తిన్నవా అంటరు, తిన్న అంటే నమ్మి పోతరు. మాటల్లేనోళ్లు అడగరు కద, అందుకే సూస్తుంటరు. వాళ్లకు వేరే పనేముంది?"

ఎక్కడ నేర్చావంటే తన తల్లి సంగతి చెప్పాడు. ఆమెకీ పక్కింట్లో ఉండే ఈయన పెద్దమ్మకీ ఇరవై ఏళ్లు మాటల్లేవట. "మా అమ్మకు జరమొస్తే నాయినకు రెండో దినం తెలిసేది. పెద్దమ్మకు ఆ పొద్దే తెలిసేది. గోడమీద శొంఠి కొమ్ము పెట్టి పోయేది, మొగం అటే తిప్పుకొని."

నేను నమ్మలేదు. మా గైడుకి చెబితే ఆధారాలేవీ అన్నారు. ఆధారం ఒక మధ్యాహ్నం కల్లూరు దాటి లోపలికి పోయాక, పత్తిచేల మధ్య ఉన్న ఒక ఊళ్లో దొరికింది.

ఎనిమిదో నెల గర్భిణి. చాప మీద పడుకోబెట్టారు. పిలిస్తే మూలుగుతోంది. మొగుడు బెంగళూరులో కట్టడం పనిలో ఉన్నాడు. ఇంటి పెత్తనమంతా ఆమె బావది, తెల్లచొక్కా మనిషి. "ఎండదెబ్బ సార్. పక్కూర్ల డాక్టరున్నడు, ఒక గ్లూకోజు ఎక్కిస్తే లేస్తది. ఆడోళ్లు ఊకెనే మీకు ఫోన్ చేసిండ్రు" అన్నాడు.

మా వాడు వంగి ఆమె కాళ్లు చూస్తూనే అడిగాడు: "అన్నా, ఈ చెల్లెతోని మాటల్లేనోళ్లు ఎవరు మీ ఇంట్ల?"

"ఏంది సార్, గిట్లనా అడిగేది? మర్యాదగల ఇల్లిది."

"మర్యాదగల ఇల్లే అన్నా. ఎవరు?"

వాకిలి మధ్యలో నిలువెత్తు గోడ ఒకటుంది. దాని అవతల నుంచి ఒక గొంతు వచ్చింది. "నేనే."

పెద్దకోడలు. తెల్లచొక్కాయన భార్యే. రెండేళ్లయిందట తోడికోడళ్లకి మాటలు పోయి. ఒకరి కోడి ఇవతల గింజలు తిని అవతల గుడ్లు పెట్టడం మీద తగువు. గోడ పక్క నుంచి వచ్చి, చాప మీదున్న మనిషి వైపు చూడకుండా, మావాడికి మాత్రమే చెప్పింది.

"మూడు దినాల సంది మొగుని చెప్పులేసుకొని తిరుగుతున్నది సార్, కాళ్లు వాసి దానివి పడతలేవు. నిన్న ముగ్గేసింది, చుక్కలు కలవలే. దాని ముగ్గు ఎన్నడు తప్పది. తలకు గుడ్డ కట్టుకొని కిటికీ మూసుకుంటది. ఇయ్యాల పొద్దుగాల బచ్చలికాడ, తానం జేసే తావుల, చేతులు కొట్టుకున్నయి, పండ్లు కరుసుకుపోయినయి. నేను సూసిన. మల్ల అదే లేచి లోపలికి పోయింది. నేను చెప్తే నా దిష్టే తగిలిందంటరని చెప్పలే."

ఆమె చెబుతుండగానే ఆయన బీపీ పట్టీ చుట్టాడు. అంకె చూశాక ముఖంలో ఆటంతా పోయింది. వాపు, తలనొప్పి, చూపు చెదరడం, పొద్దున్నే ఒకసారి ఫిట్సు. గ్లూకోజు డాక్టరు దగ్గరికి పోయే పని కాదని నాకు కూడా అర్థమైంది. ఫోన్లో పెద్ద డాక్టరుతో మాట్లాడి ఇంజెక్షన్ ఇచ్చాడు. ఆసుపత్రికి చెప్పి సిద్ధంగా ఉండమన్నాడు. తెల్లచొక్కా అప్పటికే బండెక్కి కూర్చుంది. "నేనొస్త. ఆసుపత్రిల మాట్లాడాలంటే నేనే ఉండాలె."

"నువ్వు దిగన్నా. వదిన ఎక్కుతది."

"నా పెండ్లాన్ని ఎక్కిచ్చి నన్ను దింపుతవా?"

"అవునన్నా" అని దింపాడు. ఊరంతా చూస్తుండగా.

దారిలో ఆమెకు మళ్లీ ఫిట్సు వచ్చాయి. ఆయన పక్కకి తిప్పి పట్టుకున్నాడు, నోరు తుడిచాడు, ఆక్సిజన్ పెట్టాడు. నేను నోటుబుక్కు ఎక్కడ పడేశానో నాకే తెలియదు. పెద్దకోడలు ఆమె చెయ్యి రెండు చేతులా పట్టుకుని రాయచూరు దాకా తిడుతూనే ఉంది. "కండ్లు తెరువే దొంగదానా. పోదామనుకుంటున్నవా? కోడి నీదేనే, తీస్కో. గుడ్లు నీవే. గోడ కూలగొట్టిస్త. తెరువే." మీకు నవ్వొస్తోంది కదా, ఆ బండిలో ఎవరికీ రాలేదు.

తల్లి బతికింది. ఆపరేషన్ చేసి తీసిన ఆడపిల్ల పిడికెడంత ఉంది, అదీ బతికింది. నెల తర్వాత ఆ ఊరి వైపు పోతే తోడికోడళ్లిద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని పిల్లకి నూనె రాస్తున్నారు. మా వాడు నిట్టూర్చాడు. "ఖరాబైంది మేడం ఈ ఇల్లు. ఇగ నాకు చెప్పేటోళ్లు లేరు."

కానీ తెల్లచొక్కాయన ఊరుకోలేదు. పదిమందిలో మా ఇంటి తగువులు అడిగి పరువు తీశాడని ఫిర్యాదు పెట్టాడు. విచారణలో, బండిలో ఉన్న బయటి మనిషిని నేనొక్కదాన్నే కాబట్టి రాతపూర్వకంగా సాక్ష్యం ఇమ్మన్నారు. కాంట్రాక్టు ఉద్యోగం. కొనసాగిస్తారా లేదా అన్నది ఆ కాగితాల మీద ఉంది. నాకు ఆ సంగతి తెలుసు. తెలిసే కూర్చుని ఒకటిన్నర పేజీ రాశాను. అడిగినమాట నిజమేననీ, ఆ ప్రశ్న నిర్దేశిత నమూనాల్లో లేదనీ, దాని ఉపయోగం తేల్చడానికి విస్తృత పరిశీలన అవసరమనీ. అచ్చులో వేయదగ్గ భాష. మా గైడు మెచ్చుకున్నారు.

వారం తర్వాత ఆయన ఆ కాగితం నకలు పట్టుకుని కాలేజీ గేటు దగ్గరికొచ్చాడు.

"మంచిగ రాసిండ్రు మేడం. తప్పు ఒక్కటి లేదు. తల్లి, పిల్ల యాడున్నరు ఇందుల?"

తీసుకుని చదివాను. లేరు. ఒకటిన్నర పేజీలో ఇద్దరు మనుషులు బతికారన్న ముక్క ఎక్కడా లేదు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. అప్పుడు తప్పయిందన్నా అంటే సరిపోయేది. నేనేమన్నానో తెలుసా? "వాళ్లు అడిగింది విధానం గురించి, ఫలితం గురించి కాదు" అన్నాను. కోపం ముందు పుట్టి బుద్ధి తర్వాత పుట్టిన మనిషిని నేను.

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "హౌదా" అన్నాడు, అలాగా అన్న మాటే, కన్నడంలో, పరాయివాళ్లతో అన్నట్టు. వెళ్లిపోయాడు.

ఉద్యోగం పోలేదు గానీ జిల్లా ఆ చివరికి, లింగసుగూరు వైపు బండికి మార్చారు. ఏడాదిన్నర బస్సుల్లో తిరిగాడు. తర్వాత మళ్లీ రాయచూరు తెచ్చి, చూడండి నా అదృష్టం, సరిగ్గా మా కాలేజీ ఎదుట వేపచెట్టు కింద బండి పెట్టారు. రోజూ పదింటికి నేను గొడుగు వేసుకుని వచ్చేదాన్ని. రోజూ పదింటికి ఆయన పేపరు పైకెత్తేవాడు. ఒకరోజు తలకిందులుగా పట్టుకున్నాడు. నేను కనీసం నవ్వలేదు, అంత గట్టిదాన్ని.

కానీ చూసేదాన్ని. స్టాఫ్‌రూం కిటికీ అటే ఉంది. కళ్లజోడు వచ్చింది. మీసానికి రంగు సోమవారం సోమవారం వేస్తున్నాడు. డ్రైవర్ భాయ్ ఇప్పుడు డబ్బా గురించి ఆటపట్టించడం లేదు. మూడు రొట్టెలు రెండయ్యాయి, చలికాలంలో ఒకటిన్నర. మిగిలిన సగం కుక్కకి. బండి ఎక్కేముందు తలుపు కమ్మీ పట్టుకుని ఆగుతున్నాడు, ఎడమ భుజం నిమురుకుంటున్నాడు. ఒకసారి పన్నెండు దాకా లెక్కపెట్టాను, అప్పటికి గానీ ఎక్కలేదు.

ఆయన పోయిన సంగతి విన్న తర్వాతి ఆదివారం యరగేర దగ్గరి ఆయన పల్లెకి వెళ్లాను. ఇంటిముందు ఆయన భార్య వేరుశనగ కాయలు ఒలుస్తోంది. నేనెవరో చెప్పుకుందామనుకునే లోపే తలెత్తి, "ప్రశ్నల మేడమా? రా, కూసో" అంది.

"నన్నెట్లా గుర్తుపట్టావక్కా?"

"గుర్తువట్టకేమి! ఏడాది పొడుగున నీ ముచ్చట ఇని ఇని నా చెవులు చిల్లులు పడ్డయి. ఇయ్యాల గొడుగు మరిచింది, ఇయ్యాల ఎవరితోనో కొట్లాడినట్టుంది మొగం అట్లుంది, బక్కగయింది, గడియకోసారి సీసా ఎత్తి నీళ్లు తాగుతున్నది అని. అంత ఉంటే పోయి మాట్లాడరాదా అంటే, 'ఆమె ముందు మాట్లాడాలె' అని మూతి ముడిచేటోడు. చిన్న పిలగానిలెక్క."

నేను కూడా అదే అనుకున్నానని చెప్పలేదు.

"షుగరు ఉన్నట్టే ఉన్నదని ఒకటే రంది. మీ కాలేజీ ఆయమ్మకు చెప్పి చెప్పిచ్చిండు కద, సూపిచ్చుకో అని. సూపిచ్చుకున్నవంట కద?"

నిరుడు మా ఆయమ్మ నెలరోజులు నా వెంటపడింది. మేడం నెత్తురు పరీక్ష, మేడం నెత్తురు పరీక్ష అని. నీకెందుకే అని విసుక్కుని, పోరు పడలేక చేయించుకున్నాను. మూడొందల చిల్లర వచ్చింది. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే కళ్లకి వచ్చేదన్నాడు డాక్టరు. ఆయమ్మ పెత్తనం వల్ల బతికానని ఇన్నాళ్లూ నవ్వుతూ అందరికీ చెప్పుకుంటున్నాను.

ఆమె కాయలు పక్కకి జరిపి నా దగ్గరికి వచ్చి కూర్చుంది. గొంతు తగ్గించింది.

"ఒక మాట అడుగుత, ఏమనుకోకు. మేము ఒక్క దినం కూడ కొట్లాడలే. ఇంటికొస్తే బాగున్నవా అంటే బాగున్న అనేటోడు, నమ్మిన. ఆయన చెప్పేటోడు కద, మాటల్లేనోళ్లకే తెలుస్తదని. నీకేమన్న కనిపిచ్చెనా?"

అబద్ధం చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆ కళ్లలోకి చూసి చెప్పలేకపోయాను. రొట్టెల సంగతి చెప్పాను, భుజం చెప్పాను, కమ్మీ పట్టుకుని ఆగడం చెప్పాను. చలికాలం నుంచీ చూశానని, ఎవరికీ చెప్పలేదని కూడా చెప్పాను. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అంతా విన్నది. ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండేది. నేను ఆ అరుగు మీదే కూర్చుని, కాలేజీలో పాఠాలు చెప్పుకునే దాన్ని, చిన్నపిల్లలా ఏడ్చాను.

ఆమె లేచి లోపలికి పోయింది. ఇక రాదేమో, లేచి వెళ్లమని చెప్పడమేమో అనుకున్నాను. కాసేపటికి రెండు చాయ్ గ్లాసులతో వచ్చి ఒకటి నా చేతిలో పెట్టింది.

"నీ దాంట్ల చక్కెర ఎయ్యలే. తాగు."